పంచాంగం అంచున వ్రాయని దినాలు



మా ఇంట అటక మీద ఒక టేకు పెట్టెలో గడచిన ఇరవై ఎనిమిది సంవత్సరాల పంచాంగాలు భద్రంగా ఉన్నాయి. కాలం తీరిన పంచాంగాన్ని పారవేయడం మా తండ్రిగారికి ఇష్టం ఉండేది కాదు. ఆ అలవాటే నాకూ సంక్రమించింది. వాటి అంచులలో నా చేతివ్రాత ఉంటుంది: ఎవరి ఇంట ఉపనయనం, ఎవరి ఆబ్దికం ఏ తిథిన, ఏ గ్రామంలో రుద్రాభిషేకం అని. ఆ వ్రాతల నడుమ ప్రతి మాసంలోనూ వరుసగా మూడు చిన్న సున్నలు కనబడతాయి. అవి నా ధర్మపత్ని బయట ఉన్న దినాలు. స్వామివారి మహానైవేద్యం మా ఇంటి నుంచే వెళుతుంది గనుక ఆ మూడు దినాలూ మడివంటకు మా పిన్నిగారిని పిలవడమో, నేనే పూనుకోవడమో జరిగేది. ఆ ఏర్పాటు కోసం వేసుకొన్న గుర్తులే తప్ప వాటికి వేరొక ప్రయోజనం ఉంటుందని నేనెన్నడూ తలచలేదు.

గత కార్తికంలో ఒక రాత్రి హైదరాబాదు నుంచి మా అమ్మాయి ఫోను చేసింది. కార్తికం శివాలయార్చకునికి ఊపిరి తీసుకోనివ్వని మాసం. పగలంతా అభిషేకాలు, సాయంకాలం ఆకాశదీపం, రాత్రి పదింటికి గాని ఇల్లు చేరడం కుదరదు. అలసి ఉన్నాను. "నాన్నగారూ, మనసు బాగుండడం లేదు. ఊరకే ఏడుపు వస్తున్నది. అందరిమీదా విసుక్కుంటున్నాను" అన్నది. నేను అందరికీ చెప్పేదే ఆమెకూ చెప్పాను: "శుక్రవారాలు లలితా సహస్రనామం పారాయణ చెయ్యి తల్లీ. మనోనిగ్రహం అభ్యాసం వల్లనే కదా కలిగేది." కొంతసేపు నిశ్శబ్దం. "పారాయణ చేస్తూనే ఏడుస్తున్నాను నాన్నగారూ" అన్నది. దానికి నా దగ్గర సమాధానం లేదు. ఉదయం నాలుగింటికి లేవాలన్న తొందరలో ఫోను పెట్టివేశాను.

మరొక నెలకు అల్లుడు స్వయంగా ఫోను చేశాడు. "మామయ్యగారూ, మీరూ అత్తయ్యగారూ ఒక్కసారి వస్తే బాగుంటుంది." ఆ కంఠంలో ఏదో ఉన్నది. పోలి పాడ్యమి అప్పటికే దాటింది గనుక అర్చన తమ్మునికి అప్పగించి బయలుదేరాము. అక్కడికి వెళ్ళిన తరువాత తెలిసింది, నెలలో కొన్ని దినాలు ఆమెకు బ్రతకాలనే అనిపించడం లేదని. "నాలుగు రోజులైన తరువాత అలా ఎందుకనిపించిందో నాకే అర్థం కాదు నాన్నగారూ. అప్పుడు సిగ్గు వేస్తుంది" అన్నది. ఆమె బ్యాంకు ఉద్యోగిని, చురుకైనది. చిన్ననాడు నా ప్రక్కన కూర్చొని శ్రీసూక్తం స్వరయుక్తంగా చెప్పిన పిల్ల.

మానసిక వైద్యురాలి దగ్గరకు మేము నలుగురమూ వెళ్ళాము. ఆమె అడిగిన మొదటి ప్రశ్న నన్ను ఆశ్చర్యపరచింది. బాధ ఎలా ఉన్నదని కాదు, "ఎప్పుడు మొదలవుతుంది, ఎప్పుడు పోతుంది?" అని. అమ్మాయి తడబడింది. మూల కుర్చీలో కూర్చొన్న మా గృహిణి బదులు చెప్పింది: "ముట్టుకు పది రోజుల ముందు మొదలవుతుందమ్మా. ముట్టయిన రెండో రోజుకు మంచు విడినట్లు విడిపోతుంది. నాకూ అంతే ఉండేది."

నాకూ అంతే ఉండేది. ముప్పది సంవత్సరాల దాంపత్యంలో ఆ మాట నేను మొదటిసారి విన్నది ఒక పరాయి స్త్రీ ఎదుట, ఆసుపత్రి గదిలో.

వైద్యురాలు దానిని పి.ఎం.ఎస్. అన్నది. ఋతుపూర్వ లక్షణ సముదాయం అని మనం చెప్పుకోవచ్చు. అమ్మాయికి ఉన్నది అందులోని తీవ్రరూపం కావచ్చునని, రెండు మాసాల పాటు ప్రతిదినం లక్షణాలను వ్రాసి చూపనిదే నిర్ధారణ చేయరాదని చెప్పింది. రక్తపరీక్షలో ఇది కనబడదట. ఎందుకు కనబడదని నేను అడిగాను. ఆమె ఓపికగా చెప్పిన దానిని, తరువాత నేను చదివి తెలుసుకొన్న దానిని కలిపి, నాకు బోధపడినంత వరకు వ్రాస్తున్నాను. నేను వైద్యుడను కాను. దోషముంటే విజ్ఞులు సవరించగలరు.

ఋతుచక్రం సామాన్యంగా ఇరవై ఎనిమిది దినాలదనుకొంటే, ఇంచుమించు మధ్యభాగంలో అండం విడుదల అవుతుంది. అది మొదలు ప్రొజెస్టిరోన్ అనే స్రావం పెరుగుతుంది. గర్భం నిలవకపోతే చివరి దినాలలో అదీ, ఈస్ట్రోజన్ అనే మరొక స్రావమూ వేగంగా తగ్గిపోతాయి. వీటి అధికారం గర్భాశయం వరకే అని మనం అనుకొంటాము. అలా కాదు. ప్రొజెస్టిరోన్ నుంచి శరీరంలో అల్లోప్రెగ్ననలోన్ అనే పదార్థం పుడుతుంది. అది మెదడులో ఉద్రేకాన్ని అణచే గాబా గ్రాహకాల మీద పనిచేస్తుంది. ఎక్కువమందికి దానివల్ల నెమ్మదే కలుగుతుంది. కొందరి నాడీమండలం మాత్రం దాని హెచ్చుతగ్గులకు విపరీతంగా స్పందిస్తుంది. శాంతపరచవలసినదే చిరాకును, ఆందోళనను రేపుతుంది. ఈస్ట్రోజన్ తగ్గడం సెరటోనిన్ అనే మరొక నాడీ పదార్థాన్ని కూడా ప్రభావితం చేస్తుంది.

ఇందులో కీలకం ఒకటి ఉన్నది. ఈ స్త్రీల రక్తంలోని స్రావాల పరిమాణం తక్కిన వారితో సమానంగానే ఉంటుంది. భేదం స్రావంలో కాదు, దానిని గ్రహించే మెదడులో. 1998లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు దీనిని ఒక పరీక్షతో చూపారు. ఈ బాధ ఉన్న స్త్రీలకు ఔషధంతో అండాశయాల వ్యాపారాన్ని తాత్కాలికంగా ఆపగా పలువురికి బాధ శమించింది. అలా శమించిన వారికి ఆ స్రావాలనే తిరిగి ఇవ్వగా బాధ మళ్ళీ వచ్చింది. బాధలేని స్త్రీలకు అదే ఔషధం, అవే స్రావాలు ఇచ్చినా ఏమీ కాలేదు. అదే వర్షం. ఒక నేల పీల్చుకొంటుంది, ఒక నేల కోతపడుతుంది.

ఇక మన ఇచ్ఛతో నిమిత్తం లేకుండా హృదయాన్ని, శ్వాసను, జీర్ణక్రియను నడిపే స్వయంచోదిత నాడీవ్యవస్థ ఒకటి ఉన్నది. అందులో ఒక శాఖ ఆపదలో మేల్కొలుపుతుంది, మరొకటి విశ్రాంతిని ఇస్తుంది. ఋతువుకు ముందరి పక్షంలో విశ్రాంతి శాఖ పట్టు కొంత సడలుతుంది. నాడి కొంచెం వేగిస్తుంది, శరీరోష్ణం స్వల్పంగా పెరుగుతుంది, కొందరికి నిద్ర పలచబడుతుంది. అంటే ఆ దినాలలో స్త్రీ అప్పటికే సగం మేల్కొన్న కాపలాదారు వంటిది. చిన్న చప్పుడైనా ఉలిక్కిపడుతుంది. దానిపైన ఇంటి ఒత్తిడి, ఉద్యోగపు ఒత్తిడి చేరితే బాధ ఇనుమడిస్తుంది. ఒక మాసంలో అధికమైన ఒత్తిడికి లోనైన వారికి ఆ తరువాతి ఋతువు ముందు లక్షణాలు తీవ్రంగా ఉండడాన్ని పరిశోధకులు గమనించారు. మా అమ్మాయికి బ్యాంకులో లెక్కలు ముగించే దినాలు, ఈ దినాలు కలిసిన నెలలే అత్యంత దుర్భరంగా ఉండేవని ఆమె వ్రాతలో తేలింది.

ఇదంతా విన్నప్పుడు నా మనస్సు మొదట ఎదురుతిరిగింది. నిగ్రహం, వివేకం, అభ్యాసం అని జీవితమంతా బోధించినవాడను. మనస్సు ఒక స్రావానికి లోబడేదైతే సాధనకు అర్థమేమిటి? హైదరాబాదులో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పుడు ఛాందోగ్యంలోని శ్వేతకేతువు కథ జ్ఞాపకం వచ్చింది. ఉద్దాలకుడు కుమారుని పదిహేను దినాలు అన్నం మాని కేవలం జలం త్రాగమంటాడు. పదహారవనాడు వేదం చెప్పమంటే, పన్నెండేళ్ళు గురుకులంలో అధ్యయనం చేసిన ఆ యువకునికి ఒక్క ఋక్కూ స్ఫురించదు. అన్నం తిని రాగానే సర్వమూ తిరిగి స్ఫురిస్తుంది. ఉద్దాలకుడు కుమారుని నిందించలేదు. నీ అధ్యయనం చాలలేదనలేదు, శ్రద్ధ లేదనలేదు. మనస్సుకు దేహమే ఆధారమని అనుభవం ద్వారా చూపాడు. ఈ ప్రకరణాన్ని నేను ఎన్ని సభలలో వ్యాఖ్యానించానో లెక్కలేదు. నా కుమార్తె ఏడుస్తూ ఫోను చేసినప్పుడు మాత్రం అది నాకు స్ఫురించలేదు. పదిహేను దినాలు నిరాహారంగా ఉన్నవానిని వేదం చెప్పలేదని కోపగించిన తండ్రినయ్యాను.

మన ఆస్తికులలో ఇటువంటి విషయం రాగానే "ఇదంతా మన పూర్వులు ఏనాడో చెప్పారు" అనే వారుంటారు. నేను ఆ మాట అనలేను. చరకసంహిత చికిత్సాస్థానంలో ఇరవై యోనివ్యాపత్తుల ప్రసక్తి ఉన్నది. అందులో వాతప్రకోపం వల్ల కలిగి, ఆర్తవం వెలువడగానే ఉపశమించే నొప్పి ఒకటి ఉన్నది. ఆ పరిశీలన సూక్ష్మమైనదే. కానీ అది దేహపు నొప్పి. ఋతువుకు ముందు మనస్సు పడే బాధను విడిగా ఒక వ్యాధిగా గుర్తించడం ఎక్కడైనా ఇటీవలిదే. 1931లో న్యూయార్కు వైద్యుడు రాబర్ట్ ఫ్రాంక్ దానిని గురించి వ్రాశాడు. 1953లో ఇంగ్లండులో క్యాథరీనా డాల్టన్, రేమండ్ గ్రీన్ ఇప్పటి పేరు పెట్టారు. తీవ్రరూపాన్ని అమెరికా మానసిక వైద్యుల సంఘం తన గ్రంథంలో స్వతంత్ర వ్యాధిగా చేర్చింది 2013లో. ఋతుస్రావం కల స్త్రీలలో నూటికి సుమారు 3 నుంచి 8 మందికి ఆ తీవ్రరూపం ఉంటుందని సాధారణంగా చెబుతారు. స్వల్పరూపం ఎందరికో ఉంటుంది.

మనకు లెక్క లేకపోలేదు. ఉన్న లెక్క వేరు. నేను కృష్ణయజుర్వేద శాఖీయుడను. తైత్తిరీయ సంహిత రెండవ కాండ, ఐదవ ప్రపాఠకం ఆరంభంలో విశ్వరూపుని వధ వస్తుంది. త్వష్ట కుమారుడైన ఆ త్రిశిరస్కుని చంపి ఇంద్రుడు బ్రహ్మహత్యను దోసిట పట్టి ఒక సంవత్సరం మోస్తాడు. తరువాత దానిని మూడు భాగాలు చేసి భూమికి, వృక్షాలకు, స్త్రీలకు పంచుతాడు. ప్రతిగా వారు వరాలు కోరుకొంటారు. స్త్రీలు తీసుకొన్న భాగమే రజస్సు. దానిని అనుసరించి మూడు రాత్రుల నియమం విధించబడింది. పదునాలుగేళ్ళ ప్రాయంలో గురువుగారి ఎదుట దీనిని సంత చెప్పుకొన్నప్పుడు ఉదాత్తానుదాత్తాలు తప్పకుండా ఉంటే చాలుననుకొన్నాను. ఇప్పుడు చూస్తే ఆ కథలో స్త్రీ దోషి కాదు. ఒకడు చేసిన పాపంలో మూడవ వంతు తన దేహంలో మోయడానికి అంగీకరించిన ఉపకర్త్రి. మనం ఆ ఉపకారాన్ని మరచి మూడు రాత్రులను మాత్రం జ్ఞాపకం ఉంచుకొన్నాము. అస్సాములోని కామాఖ్యలో కూడా ఆషాఢంలో అమ్మవారికి ద్వారాలు మూసేది మూడు దినాలే. అంతకు ముందరి దినాలను లెక్కించిన ఆచారం నా ఎరుకలో లేదు. ఆ దినాల వల్ల మన మడికి భంగం లేదు. భంగం ఆమెకు మాత్రమే.

నా వృత్తిలోని ఒక అపరాధాన్ని కూడా ఇక్కడ చెప్పవలసి ఉన్నది. పదేళ్ళ క్రిందట ఒక అత్తగారు క్రొత్త కోడలిని ఆలయానికి తీసుకొనివచ్చింది. అమావాస్య దగ్గరపడితే పిల్లకు గాలి సోకుతున్నదని, వస్తువులు విసరివేస్తున్నదని, గదిలో కూర్చొని ఏడుస్తున్నదని చెప్పింది. నేను జపించి రక్ష కట్టాను. మూడవనాటికి పిల్ల తేరుకొన్నది. రక్ష మహిమ అన్నారు. నేనూ కాదనలేదు, తాంబూలం పుచ్చుకొన్నాను. మరుసటి నెల మళ్ళీ తెచ్చారు. మళ్ళీ కట్టాను, మళ్ళీ మూడవనాటికి నెమ్మదించింది. ఇప్పుడు తెలుస్తున్నది, నేను ఏమీ కట్టకపోయినా నెమ్మదించేదే. ఋతువు రాగానే ఆ బాధ తనంత తానే తొలగుతుంది. నేను తిథులను లెక్కించి జీవించేవాడను. చాంద్రమాసం ఇరవై తొమ్మిదిన్నర దినాలు. ఇరవై ఎనిమిది దినాల ఋతుచక్రం నెలకు ఒకటిన్నర దినం చొప్పున వెనుకకు జరుగుతుంది. చైత్ర అమావాస్యకు వచ్చినది ఆరు నెలలలో బహుళ షష్ఠి ప్రాంతానికి చేరుతుంది. అంటే దానికి అమావాస్యతో సంబంధమే లేదని ఒక్క ప్రశ్నతో, పంచాంగంలో నాలుగు గుర్తులతో నేను తేల్చగలిగేవాడను. ఆ ప్రశ్న ఆ పిల్లను అడగలేదు. ఆమె ముఖం వంక చూసి మాట్లాడినట్లు కూడా జ్ఞాపకం లేదు. తరువాత ఆమెను పుట్టింటికి పంపించివేశారని విన్నాను.

హైదరాబాదు నుంచి తిరిగివచ్చిన మరునాడు అటక మీది పెట్టె దింపించాను. ఆ అంచులలో సున్నలు మాత్రమే కాదు, ఇంటి చరిత్ర కూడా కొంత ఉన్నది. ఒక శ్రావణంలో "గృహిణి పుట్టింటికి, చెప్పకుండా" అని ఉన్నది. దానికి మూడు దినాల తరువాత సున్నలు. ఒక ధనుర్మాసంలో "పొంగలి మాడినది, నైవేద్యం ఆలస్యం" అని ఉన్నది. ఆనాడు పదిమంది ఎదుట ఆమెను కఠినంగా మందలించడం నాకు జ్ఞాపకమే. రెండు దినాల తరువాత సున్నలు. ధనుర్మాసంలో ఆమె ఉదయం మూడింటికే లేచి తలారా స్నానం చేసి మడి కట్టుకొనేది. నిద్ర పలచబడే దినాలలో నెల పొడుగునా ఆ నియమం. ఇటువంటివి ఏడెనిమిది దొరికాయి. ఏదో కనుగొన్నవానివలె ఆ పుటలన్నీ తెచ్చి ఆమె ముందు పెట్టాను.

ఆమె కళ్ళద్దాలు పెట్టుకొని నిదానంగా చూసింది. కొంతసేపటికి ఒక పుట వేరు చేసింది. "ఏమండీ, ఇది కాదు. ఇది మీ చెల్లెలి పెళ్ళికి నా గాజులు అడగకుండా కుదువపెట్టిన రోజు. ఆ కోపానికి ఒంట్లో బాగుండకపోవడం కారణం కాదు. అన్నిటికీ దీన్ని కారణం చేయకండి. కొన్నిటికి కారణం మీరే." చూస్తే నిజమే, ఆ పుటలో సున్నలు పది దినాల క్రిందటే అయిపోయాయి. ఆతురతలో నేను దానిని కూడా చేర్చాను. తక్కినవాటిని మాత్రం ఆమె కాదనలేదు. "మూడు రోజులు కూర్చోమన్నారు, కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఆ మూడు రోజులే నాకు సుఖం. అంతకు ముందు పది రోజులు ఒక్కరైనా కూర్చోమన్నారా?" అన్నది.

బహిష్ఠు నియమం విశ్రాంతి కోసమే పుట్టిందని సమర్థించే ప్రసంగాలు నేనూ చేసి ఉన్నాను. విశ్రాంతి అధికంగా అవసరమైన దినాలలో ఆమెను పొయ్యి దగ్గర నిలబెట్టి, బాధ తీరిన తరువాత కూర్చోమన్నామని ఆమె నోట విన్నాక ఆ ప్రసంగం ఇక చేయలేను. నియమాన్ని త్యజించమని నేను చెప్పడం లేదు. మా ఇంట ఇప్పటికీ అది ఉన్నది. దానికి నేను చెప్పుకొన్న కారణం తప్పు అంటున్నాను.

అమ్మాయి రెండు నెలలు వ్రాసిన తరువాత నిర్ధారణ అయింది. సెరటోనిన్‌కు సంబంధించిన ఔషధం, అదీ అండం విడుదలైన నాటి నుంచి ఋతువు వరకు మాత్రమే ఇచ్చారు. విషాదరోగానికి వారాలు పట్టే ఔషధం ఇందులో కొన్ని దినాలకే పనిచేయడం వైద్యశాస్త్రంలో విశేషమట. అది వైద్యుని పర్యవేక్షణ లేకుండా తీసుకోరాదు. ప్రతిదినం నడక, వేళకు నిద్ర చెప్పారు. కాల్షియం కొందరికి ఉపకరిస్తుందట, అదీ ఇచ్చారు. పారాయణ మానమనలేదు. అమ్మాయి ఇప్పుడూ చేస్తున్నది, ఆ దినాలలో ఓపిక ఉంటేనే. బ్రతకాలనిపించని స్థితి ఎవరింట ఉన్నా ముహూర్తం చూడవలసిన పని లేదు. కేంద్ర ప్రభుత్వపు టెలి మానస్ సంఖ్య 14416కు ఏ వేళనైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మొన్న మాఘంలో మరొక అత్తగారు కోడలిని వెంటబెట్టుకొని రక్షకై వచ్చింది. కథ దాదాపు పాతదే. ఈసారి నేను కోడలినే అడిగాను, "ఎప్పుడు మొదలవుతుందమ్మా, ఎప్పుడు పోతుంది?" అని. ఆమె అత్తగారి వంక చూసింది, జవాబు చెప్పలేదు. నా పంచాంగం, పెన్సిలు ఆమె చేతికిచ్చి, బాధ ఉన్న దినాన ఒక గీత, ముట్టయిన దినాన ఒక సున్న పెట్టమని, రెండు నెలలైన తరువాత దానిని తీసుకొని ముందు వైద్యురాలి దగ్గరకు వెళ్ళమని చెప్పాను. అత్తగారికి నచ్చలేదు. తీర్థం పుచ్చుకొని వెళ్ళిపోయింది. రక్ష మరొకచోట కట్టించుకొన్నారని తరువాత తెలిసింది. పంచాంగం మాత్రం తిరిగి రాలేదు.